మరచేతులతో శస్త్రచికిత్స

మరమనిషి శస్త్రచికిత్స చేయుననగానే, వైద్యుడు ప్రక్కకు తొలగి యంత్రమే కడుపు కోయుచున్న దృశ్యము చాలమంది మనస్సున మెదలును. వాస్తవమది కాదు. 2000లో అమెరికా ప్రభుత్వామోదము పొందిన డా విన్సీ యంత్రమునకు స్వంతబుద్ధి లేదు. రోగికి కొన్ని అడుగుల దూరమున వైద్యుడు కూర్చుండి, లోతు తెలియునట్లు పెద్దదిగా కనబడు బొమ్మను చూచుచు వ్రేళ్లను కదలించును. ఆ కదలికలనే, మణికట్టువలె తిరుగు సన్నని పరికరములు రోగి కడుపులో అనుకరించును. చేతివణకు మాత్రము వానికి సోకదు.

పెద్దప్రేవు పైభాగమున చోటు విశాలము. అచ్చట మామూలు ల్యాపరోస్కోపు పద్ధతియే చాలవరకు సరిపోవును. చిక్కంతయు క్రిందిభాగమైన పురీషనాళమునందే. అది కటియెముకల నడుమ గరాటువంటి ఇరుకున ఉన్నది. పురుషులయందు, స్థూలకాయులయందు మరింత ఇరుకు. మూత్రవిసర్జనకును, దాంపత్యజీవితమునకును ఆధారమైన నాడులు దానిని ఒరసికొనిపోవును. అవి తెగినచో ప్రాణము దక్కినను బ్రతుకు బరువగును.

1908లో ఎర్నెస్టు మైల్సు అను ఆంగ్లవైద్యుడు పురీషనాళమును మలద్వారముతోసహా తొలగించు పద్ధతిని ప్రకటించెను. ఆపై రోగికి పొట్టమీది ద్వారమే జీవితాంతము గతి. 1982లో ఇంగ్లండులోని బేసింగ్‌స్టోకు వైద్యుడు హీల్డు, నాళము చుట్టునున్న కొవ్వుతొడుగును చినుగకుండ సంపూర్ణముగ తీసినచో వ్యాధి తిరుగబెట్టుట తగ్గునని చూపెను. మరచేతులు చేయునది ఈ పనినే. ఇందు క్రొత్త సిద్ధాంతమేమియు లేదని నా అభిప్రాయము.

అయినచో ఫలమెంత? 10 దేశములలో 471 మందిపై జరిపిన పరీక్ష 2017లో వెలువడినది. మధ్యలో కడుపు పూర్తిగా తెరువవలసి వచ్చినది ల్యాపరోస్కోపు పద్ధతిలో నూటికి 12.2 మందికి, మరచేతులతో 8.1 మందికి. ఈ తేడా కేవలము యాదృచ్ఛికము కావచ్చునని గణితజ్ఞులు త్రోసిపుచ్చిరి. 2025లో వెలువడిన చైనా పరీక్ష మరింత ఆశాజనకము: వేయిమందికి మించిన రోగులలో, మూడేండ్లలో వ్యాధి అచ్చటనే తిరుగబెట్టినది ల్యాపరోస్కోపు వర్గమున నూటికి 4 మందికి, మరచేతుల వర్గమున 1.6 మందికి. చేసినవారు చేయితిరిగిన వైద్యులని మరువరాదు.

కనుక, ఖర్చెక్కువైన ఈ చికిత్సకు ఇల్లు తాకట్టు పెట్టుటకు ముందు, యంత్రమున్నదా అని కాక, ఈ శస్త్రచికిత్స మీరెన్ని చేసితిరని వైద్యుని అడుగుడు. ఇది అమర్యాద కాదు. మలములో రక్తము పడిన ప్రతివారును మొలలేయని నెలలు గడపుట మన ఇండ్లలో పరిపాటి. సిగ్గు విడిచి తొలినాళ్లలోనే చూపించుకొన్నవారికి చికిత్స సులభము. పొట్టమీది ద్వారము శాశ్వతమా, తాత్కాలికమా అని కూడ అడుగవచ్చును. తాత్కాలికమైనదానిని సాధారణముగ కొన్ని నెలలకు మూసివేయుదురు.