నియమం ముందు, మార్కులు తర్వాత

 

బీఎడ్, డీఎడ్ పూర్తిచేసిన మీలో చాలామంది రేపటి నుంచి ఎటు వెళ్తారో ఊహించడం కష్టం కాదు. మీ కాలేజీ ఉన్న ఈ కర్మన్‌ఘాట్‌కు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు ఎంతో దూరం లేవు. మొదట టెట్, ఆ తర్వాత డీఎస్సీ, మధ్యలో గురుకులాల నోటిఫికేషన్లు, పరీక్ష ముందు ఇక్కడి గుడిలో ధ్యానాంజనేయ స్వామికి ప్రదక్షిణలు. ఈ దారిలో సిలబస్‌లో లేని పాఠం ఒకటి ఎదురవుతుంది. అదే కోర్టు కేసు. సర్వీసు కేసులు వాదించేవాణ్ని కాబట్టి ఆ పాఠమే చెబుతాను.

2008 డిసెంబరులో ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద డీఎస్సీ వచ్చింది. నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ప్రభుత్వం ప్రాథమిక తరగతులకు బోధించే ఎస్జీటీ పోస్టుల్లో 30 శాతం డీఎడ్ వాళ్లకు ప్రత్యేకించింది. తమకంటే తక్కువ మార్కులొచ్చిన వాళ్లకు ఉద్యోగాలొస్తున్నాయని బీఎడ్ అభ్యర్థులు న్యాయస్థానాలకు వెళ్లారు. వాయిదాలు సాగాయి, రాష్ట్రం రెండైంది, ప్రభుత్వాలు మారాయి. చివరికి 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో వెయ్యి మందికి పైగా ఉద్యోగం దక్కింది. అదీ కాంట్రాక్టు పద్ధతిలో, నెలకు 31,040 రూపాయల జీతంతో. ఆంధ్రప్రదేశ్‌లో 1998 డీఎస్సీ వాళ్లు ఇంకా ఎక్కువే ఎదురుచూశారు. వాళ్లను తీసుకోవాలని ప్రభుత్వం నిర్ణయించేసరికి 2022 వచ్చింది. కోర్టు పోస్టు ఇప్పించగలదు, పోయిన వయసును ఎవరు ఇప్పిస్తారు?

ఇందులో డీఎడ్ వాళ్లను దోషులుగా చూడకండి. చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్లు వాళ్లే. ప్రాథమిక తరగతులకు బీఎడ్ అర్హత సరిపోదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే తేల్చింది. కాబట్టి 30 శాతం వెనుక ఉన్న ఆలోచన సమంజసమే కావచ్చు. దాన్ని నోటిఫికేషన్‌కు ముందే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. మంచి విధానమైనా వేళ తప్పితే అన్యాయంగానే మిగులుతుంది.

న్యాయశాస్త్రంలో ఈ మాటకు మన నేల నుంచే ఒక గట్టి తీర్పు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జీల ఎంపికలో ఇంటర్వ్యూలు ముగిశాక వాటికీ కనీస మార్కులు ఉండాలన్నారు. మంజుశ్రీ కేసులో 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. ఆట మొదలయ్యాక నిబంధనలు మార్చకూడదన్న ఆ సూత్రాన్నే 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ ఖాయం చేసింది.

కొన్ని కేసుల్లో రెండు వైపులా బలమైన వాదన ఉంటుంది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. పిల్లల భాష తెలిసి, ఆ గూడేల్లోనే ఉండే టీచరు కావాలన్నది దాని ఉద్దేశం. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని 2020 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్లను మాత్రం షరతులతో కాపాడింది. జీవో పోయినా, కొండ మీది బడికి పిల్లల మాట అర్థమయ్యే టీచరు అవసరం పోలేదు.

పశ్చిమ బెంగాల్ కథ మరీ విషాదం. 2016 నాటి పాఠశాల నియామకాల్లో 25,753 ఉద్యోగాలను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఓఎంఆర్ పత్రాలను ధ్వంసం చేశారు, స్కాన్ కాపీలూ దాచలేదు. రికార్డు లేకపోయేసరికి కష్టపడి రాసినవాళ్లూ, అడ్డదారిన వచ్చినవాళ్లూ ఒకే తీర్పు కింద నియామకం కోల్పోయారు.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను. నోటిఫికేషన్‌ను యూట్యూబ్‌లో వినకండి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. లోకల్, నాన్‌లోకల్ తేలేది వాటితోనే. ప్రాథమిక కీ మీద అభ్యంతరం ఉంటే గడువులోపే ఆధారంతో పెట్టండి. నిబంధన తప్పనిపిస్తే పరీక్షకు ముందే ప్రశ్నించండి. పరీక్ష రాసి, ర్యాంకు రాకపోయాక నోటిఫికేషనే తప్పంటే కోర్టులు సాధారణంగా వినవు. పోస్టు ఇప్పిస్తానని డబ్బడిగేవాడు ఎంత దగ్గరి బంధువైనా గుమ్మం దాటనివ్వకండి. మీ హక్కు కోసం తప్పక కేసు వేయండి, తోటివాడి నియామకం ఆపడానికే మాత్రం వేయకండి. అక్కడ ఖాళీగా ఉండేది ఒక పోస్టు కాదు, ఒక తరగతి గది.

మీలో చాలామంది టీచర్లవుతారు. అప్పుడు నియమాలు రాసేది మీరే. మార్కులు దేనికి ఎన్ని వేస్తారో పరీక్షకు ముందే బోర్డు మీద రాయండి. రాశాక మార్చకండి. దిద్దిన పేపరు పిల్లల చేతికివ్వండి. “నాకెందుకు తగ్గాయి సార్?” అని అడిగితే కసురుకోకండి, లెక్క చూపించండి. న్యాయమంటే ఇలా ఉంటుందని పదేళ్ల వయసులో చూసిన బిడ్డ, రేపు నోటిఫికేషన్ రాసే కుర్చీలో కూర్చున్నా దాన్ని మరిచిపోడు.

ఆ తరం వచ్చేసరికి మాలాంటి వకీళ్లకు పని తగ్గిపోతుంది. నాకేం అభ్యంతరం లేదు.