కంప్యూటర్‌లో జాబర్ మారినప్పుడు



కంప్యూటర్ మీద ప్రసంగం అనగానే ఇది మన పని కాదు, పిల్లల పని అనుకుని రేడియో కట్టేయకండి. కన్నా చౌక్ నుంచి అశోక్ చౌక్ దాకా, అటునుంచి అక్కల్‌కోట్ రోడ్డు కార్ఖానాల దాకా ఒకసారి నడిచి చూడండి. చద్దర్ డిజైన్ వేసేది కంప్యూటర్ మీద. తువ్వాళ్ల బిల్లు కొట్టేది కంప్యూటర్ మీద. పెండ్లి పత్రిక, గుడి చందా రసీదు, భజన మండలి పాటల పుస్తకం, మా బడి ప్రశ్నపత్రం, అన్నీ దాని మీదే. ఆ యంత్రంలో ఒక మార్పు వస్తే ఆ ఇబ్బంది ఏదో ఒకనాడు మన గడప తొక్కక మానదు.

అటువంటి మార్పు ఒకటి 2025 అక్టోబర్ 14న వచ్చింది. విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక మామూలుగా మరమ్మతులు పంపబోమని మైక్రోసాఫ్ట్ సంస్థ ఆనాటితో ఆపేసింది. పేరు నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు మాత్రం భద్రతకు సంబంధించిన మరమ్మతులు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తామన్నది. ఇదివరకు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఇదే జరిగింది. ఆ తేదీ తరువాత యంత్రం ఆగిపోదు, నడుస్తూనే ఉంటుంది. కానీ దొంగలు కొత్త కన్నం కనిపెడితే పూడ్చేవాడుండడు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో మన పేటవాళ్లకు చెప్పడం తేలిక. కార్ఖానాలో మగ్గాలుంటాయి, నేతగాళ్లుంటారు, నడుమ జాబర్ ఉంటాడు. ఏ మగ్గానికి ఏ బీమ్ ఎక్కాలి, ఎవరికి ఏ రంగు కండెలు అందాలి, పికర్ విరిగితే ముందు ఎవరిది బాగుచేయాలి, ఇవన్నీ చూసేది జాబర్. నేతగాడు రోజుకు పదిసార్లు మాట్లాడేది కార్ఖానాదారుతో కాదు, జాబర్‌తో. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ చేసేది ఆ పనే. మీరు ఉత్తరం టైపు చేసినా, బొమ్మ చూసినా, ప్రింటరుకు కాగితం పంపినా మీ మాట ముందుగా వెళ్లేది దాని దగ్గరికే. మగ్గం అదే, నూలు అదే, రాత్రికి రాత్రే జాబర్ మారిపోయాడనుకోండి. కొత్తవాడు మంచివాడే కావచ్చు, పాతవాడికంటే పనిమంతుడే కావచ్చు. కానీ కండెల పెట్టె తీసుకుపోయి ఇంకో మూల పెట్టాడు. వారం దాకా మీ చెయ్యి పాత మూలకే పోతుంది.

బి.ఎడ్.లో మేము చదువుకున్న మనస్తత్వశాస్త్రంలో దీనికి ఒక పేరుంది, ప్రతికూల బదలాయింపు. ముందు నేర్చుకున్న విద్య కొత్త విద్యకు అడ్డుపడటం. విచిత్రమేమిటంటే, బాగా నేర్చుకున్నవాడికే ఈ బాధ ఎక్కువ. మొదటిసారి కంప్యూటర్ ముట్టిన పిల్లవాడికి అంతా కొత్తే గనుక ఏ ఇబ్బందీ లేదు. ఇరవై ఏళ్లుగా డి.టి.పి. చేస్తున్నవాడికి కన్ను ఒకచోటికి, చెయ్యి ఒకచోటికి పోతాయి. 1995లో విండోస్ తెరమీద ఎడమచేతి కింద మూలన స్టార్ట్ అనే మీట వచ్చింది. పదిహేడేళ్లు అందరి చెయ్యీ అక్కడికే పోవడం అలవాటయ్యాక 2012లో విండోస్ 8 దానిని తీసేసింది. లోకమంతా గోల పెడితే 2013లో 8.1 పేరుతో మళ్లీ తెచ్చిపెట్టారు. 2021లో వచ్చిన విండోస్ 11 ఆ మీటను మూలనుంచి నడుమకు జరిపింది. అందువల్ల ఎవరికి ఏమి లాభమో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. దానిని తిరిగి ఎడమకు జరుపుకోవచ్చు, సెట్టింగులలో ఉంది. అయితే ఆ సెట్టింగులు ఎక్కడున్నాయో వెతకడమే సగం పని.

మీటలు జరిగిన బాధ పదిహేను రోజులకు సర్దుకుంటుంది. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచినది అది కాదు. మన తెలుగు అక్షరాల సంగతి.

మా గల్లీలో ఒక పెద్దాయన ఉండేవాడు. మరమగ్గాల కార్ఖానాలో జాబర్‌గా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. తన తాత కరీంనగర్ వైపు నుంచి షోలాపూర్ ఎట్లా వచ్చాడో, దారిలో ఏ ఏ ఊళ్లలో ఆగాడో, ఇక్కడికి వచ్చాక ఎవరి మగ్గం మీద కూర్చున్నాడో అంతా తెలుగులో చెప్పి రాయించాడు. ఒక డి.టి.పి. దుకాణంలో టైపు చేయిస్తే తొంభై పేజీలయింది. చుట్టాలకు పంచడానికి మొదటి పాతిక పేజీలు జిరాక్సు తీయించాడు, మిగతావి తరువాత చూద్దామనుకున్నాడు. ఆ తరువాత ఆయన పోయాడు. కొన్నేళ్లకు ఆయన బిడ్డ ఒక సీడీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"సారూ, బాపు చెప్పిందంత ఇండ్ల ఉన్నదన్నరు. తెరిస్తే ఇంగ్లీషు లెక్క ఏందో వస్తున్నది. చెడిపోయిందంటవా?"

"చెడిపోలేదక్కా. రాత ఉన్నది. దానికి కావలసిన ఫాంటు ఈ మెషిన్ల లేదు, గంతే" అన్నాను.

ఇది ఒక్క ఆమె కష్టం కాదు గనుక కొంచెం వివరంగా చెబుతాను. ఇంతకుముందు అచ్చు పనికి వాడిన తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒక కిటుకు ఉండేది. కంప్యూటర్‌కు తెలుగు రాదు. అది తాను ఇంగ్లీషు అక్షరాలే దాచుకుంటున్నానని అనుకుంటుంది. ఫాంటు మాత్రం ఆ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు గీసి చూపిస్తుంది. ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఒకచోట వత్తు. ఆ ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు లేని కొత్త యంత్రంలో తెరిస్తే లోపల ఉన్న పిచ్చి గీతలు బయటపడతాయి. జకార్డ్ పని చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. చద్దర్ మీద నెమలి రావడానికి కొట్టిన అట్టల వరుసను వేరే లెక్క హుక్కులున్న, వేరే విధంగా దారాలు కట్టిన జకార్డ్ మీద వేస్తే ఏమవుతుంది? అట్టలోని రంధ్రాలు అవే, నెమలి మాత్రం రాదు. అన్నట్టు, రంధ్రం ఉంటే ఒక అర్థం, లేకుంటే ఇంకో అర్థం అన్న ఈ ఉపాయాన్ని ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రం కోసం జకార్డ్ మగ్గం నుంచే తీసుకున్నాడు. కంప్యూటర్‌వాళ్లు మనకు పాత చుట్టాలే.

ఈ చిక్కును తీర్చడానికే యూనికోడ్ అనే పద్ధతి 1991లో వచ్చింది. అందులో తెలుగుకు 128 గళ్ల సొంత పేట ఉంది. "క"కు ఒక సంఖ్య, "ఖ"కు ఒక సంఖ్య. ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా ఆ సంఖ్య తెలుగు "క"నే. విండోస్‌లో ఇది 2001లో వచ్చిన ఎక్స్‌పీతో, గౌతమి అనే ఫాంటుతో మొదలైంది. అప్పుడు కూడా సీడీ పెట్టి, ఎక్కడో లోపల ఉన్న ఒక గడిలో టిక్కు కొడితే తప్ప వత్తులు కుదురుగా వచ్చేవి కావు. ఈలోగా మన అచ్చు దుకాణాలన్నీ పేజ్‌మేకర్‌కు అలవాటుపడిపోయాయి. 2001లో వచ్చిన 7.0తో ఆ పేజ్‌మేకర్ వరుస ఆగిపోయింది. దానికి యూనికోడ్ తెలియదు. అందుకే నేటికీ చాలా దుకాణాల్లో ఒక మూల ఒక ముసలి యంత్రం దుమ్ము కొట్టుకుని ఉంటుంది. దానిని అడిగి చూడండి, "అది పాత పనులకు" అంటారు.

ఆ అక్క పని కూడా అటువంటి ముసలి యంత్రం మీదే సగం తీరింది. అదే పేరున్న ఫాంటు దొరికింది కానీ వేరే వర్షన్. అక్షరాలు వచ్చాయి, కొన్ని వత్తులు తారుమారయ్యాయి. దానిని యూనికోడ్‌లోకి మార్చి, మూడు వారాలపాటు సాయంత్రాలు కూర్చుని దిద్దాము. మామూలు మాటలు ఊహకు అందుతాయి. ఊరి పేర్లు, మనుషుల పేర్లు ఎట్లా అందుతాయి? మొదటి పాతిక పేజీలకు జిరాక్సు ఉంది గనుక గట్టెక్కాము. తరువాతి పేజీల్లో ఒక ఊరి పేరు సిరిసిల్ల దగ్గరి మేనత్తకు ఫోను చేస్తే తేలింది. ఇంకొక ఊరు తేలనే లేదు. ఆ తాత ఒక వానాకాలమంతా తలదాచుకున్న ఊరు అది. పుస్తకంలో అక్కడ చుక్కలు పెట్టాము.

షోలాపూర్‌లో తెలుగు ఇంటి భాష, గుడి భాష, కార్ఖానా భాష. కాగితం మీద పెట్టినది తక్కువ. ఆ తక్కువలో పోయినదానిని తిరిగి తెచ్చుకోవడానికి వేరే గ్రంథాలయమేదీ లేదు. అందుకే కంప్యూటర్ మారుస్తున్నవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న ధర గురించి కాదు, పాత దానిలో తెలుగు ఏమైనా ఉందా అని.

కొత్తదైతే తెలుగుకు అంతా భద్రమేనా అంటే అదీ కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. "జ్ఞా" అన్న అక్షరం, దానిలో ఒక కనిపించని గుర్తు కలిసి ఉన్న రూపం, సందేశంలో వస్తే ఐఫోన్లలో సందేశాల అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే మరమ్మతు పంపింది. జ్ఞానమన్న మాటకు మొదటి అక్షరమే ఆ యంత్రానికి మింగుడుపడలేదు. మనం వాడితేనే, వాడి ఫిర్యాదు చేస్తేనే ఇటువంటి లోపాలు వాళ్ల కంటపడతాయి.

ఇక డబ్బు సంగతి. విండోస్ 11 ఎక్కాలంటే కంప్యూటర్‌లో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలన్నారు. సుమారుగా 2018కి ముందు కొన్నవి చాలావరకు ఆ జాబితాలో లేవు. బాగా నడుస్తున్న యంత్రాన్ని కొత్త జాబర్ ఒప్పుకోడు గనుక పారేయమనడం మగ్గాలవాళ్లకు మింగుడుపడే మాట కాదు. విరిగిన భాగం మార్చుకుంటూ ఒక మగ్గాన్ని తరం దాటించినవాళ్లం మనం. అటువంటి కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే లినక్స్ అనే ఉచిత వ్యవస్థను ఒకసారి చూడండి. ఉబుంటు వంటివాటిని పెన్‌డ్రైవ్ మీదినుంచి, పాతదానిని చెరపకుండానే, నడిపి చూడవచ్చు. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ భారతీయ భాషల కోసం చేసినదే. అయితే ఒక మాట. డిజైన్ సాఫ్ట్‌వేర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం కొన్నవైతే అవి లినక్స్‌లో నడుస్తాయని నమ్ముకోకండి. ముందు అమ్మినవాడిని అడగండి. కొన్ని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లకు కంప్యూటర్ వెనుక తగిలించే డాంగిల్ అనే తాళం ఉంటుంది. అది పట్టే పాత రకపు రంధ్రం కొత్త యంత్రాలకు ఉండకపోవచ్చు.

టైపింగ్ విషయంలో మన పేటవారికి ఒక మేలుంది. 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడిన ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఉంది. ఇంగ్లీషు "కె" మీట నొక్కితే తెలుగులో "క", మరాఠీలో కూడా "క"నే. "హెచ్" నొక్కితే రెంటిలోనూ "ప". అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. తెలుగుకు ప్రత్యేకమైన హ్రస్వ ఎత్వం, ఒత్వం మాత్రం విడిగా నేర్చుకోవాలి. మరాఠీ బడిలో చదివే మన పిల్లలకు మరాఠీ ఇన్‌స్క్రిప్ట్ వస్తే తెలుగు టైపింగ్ ముప్పాతిక వచ్చినట్టే. ముందు చెప్పిన ప్రతికూల బదలాయింపుకు ఇది అనుకూలమైన చెల్లెలు. మా పిల్లలు వారం రోజుల్లో అమ్మమ్మ పేరు తెలుగులో కొట్టి చూపించారు, తెలుగు అక్షరాలు చేత్తో రాయడం ఇంకా సరిగా రానివాళ్లు సైతం.

చివరగా, ఈ వారంలో చేయదగినది ఒకటి చెప్పి ముగిస్తాను. పాత యంత్రం ఇంకా లేస్తున్నప్పుడే దాని ముందు కూర్చోండి. తెలుగు ఫైళ్లతోపాటు అవి ఏ ఫాంటులో ఉన్నాయో ఆ ఫాంటు ఫైలును కూడా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఫాంటు పేరు, వర్షన్ ఒక చీటీ మీద రాసి పెన్‌డ్రైవ్‌కు కట్టండి. ప్రతి పేజీని పి.డి.ఎఫ్.గా దాచండి, ఎందుకంటే ఫాంటును లోపల పొదిగి చేసిన పి.డి.ఎఫ్.లో అక్షరాల బొమ్మ మారదు. ముఖ్యమైనవి కాగితం మీద ప్రింటు తీయండి. ఆ తరువాతనే యూనికోడ్ మార్పిడి మొదలుపెట్టండి. మార్చినదానిని ప్రింటుతో సరిచూసేటప్పుడు పక్కన ఇంటి పెద్దలను ఒకరిని కూర్చోబెట్టుకోండి, పేర్లు వాళ్లకు తెలుస్తాయి.