ముందు సప్లై కట్!



గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన నేను, మొన్న కొత్తగూడెంలో ఇంటి ముందే మా పాత చిన్నకారు ఆల్టర్నేటర్ మార్చాను. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా రావాలి. మీటరు 12 దాటలేదు. బెల్టు, వైర్లు బాగానే ఉన్నాయి.

స్పానరు పట్టగానే మనవడు, "తాతా, బ్యాటరీ వైరు తీశావా?" అన్నాడు.

సిగ్గేసింది. తాళంచెవి తీసినా ఆల్టర్నేటర్ వెనక బోల్టుకు బ్యాటరీ కరెంటు ఉంటుంది. స్పానరు ఇంజనుకు తగిలితే నిప్పురవ్వలే. ముప్పై ఏళ్లు కుర్రాళ్లకు "ముందు సప్లై కట్ చెయ్యి" అని చెప్పినవాణ్ణి నేనే!

నెగటివ్ వైరు తీశాకే పాతది విప్పి, కొత్తది బిగించి, బెల్టు బిగువు సరిచేశాను. మీటరు 14.2 చూపింది.

మిత్రులారా, రిటైర్మెంటు ఉద్యోగానికే, జాగ్రత్తకు కాదు. సెలవు.