ఆటకు రమ్మని పిలుచుట
(సంఘసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను క్రీడాకారుడను గాను. కళాశాలలో చదివినది చరిత్రయు, సాహిత్యమును. కార్యాలయములో చేయునది ఫైళ్ళ పని. కావున పందెములలో గెలుచుట ఎట్లో నేను చెప్పజాలను. గెలువవలెనను కోరిక మాట అటుండగా, గడప దాటి బయటకు రావలెనను కోరికయే నశించినవారికి ఆట ఏమి చేయగలదన్నదే నేటి నా విషయము.

అట్టివారు మన క్వార్టర్లలోనే ఉన్నారు. భర్తకు బదిలీ అయి రాయపూరు వచ్చి, హిందీ నోట పలుకక, పగలెల్ల నాలుగు గోడల నడుమ గడపు గృహిణి ఉన్నది. పదవీ విరమణ చేసిన మరునాటినుండి గడియారము వైపు చూచుటయే పనిగా పెట్టుకొన్న పెద్దమనిషి ఉన్నాడు. పరీక్షలో ఒకసారి తప్పి, తలుపు వేసికొనిన కుఱ్ఱవాడున్నాడు. వారిని మనము "ముభావముగా ఉందురు", "గర్వము", "సోమరితనము" అని సులువుగా అనేయుచుందుము. రెండు వారములకు మించి ఉత్సాహము, నిద్ర, ఆకలి చెడి, మునుపు ఇష్టమైనవి కూడ రుచింపకున్నచో అది సోమరితనము కాదు. వైద్యులు దానిని డిప్రెషను అందురు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపినది. ఆ పన్నెండింటిలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. పెద్దలలో ఇంచుమించు 20 మందికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ కుంగుబాటునకు లోనగుచున్నారనియు, వారిలో అధికసంఖ్యాకులకు చికిత్సయే అందుటలేదనియు ఆ సర్వే తేల్చినది.

ఈ వ్యాధి తీరు విచిత్రమైనది. మనసు బాగుపడిన పిమ్మట బయటకు వచ్చెదనని రోగి అనుకొనును. బయటకు రాకుండుటచేతనే మనసు మరింత కుంగును. అందుచేత ఉత్సాహము కొరకు వేచియుండక, ముందు చిన్న పని యొకటి చేయించి, ఉత్సాహమును దాని వెనుక రానిచ్చు చికిత్సాపద్ధతి యొకటి కలదు. మనోవైద్యులు ఎన్నో ఏండ్లుగా దానిని వాడుచున్నారు. ఆట అట్టి చిన్న పనియే. దానికి ఆరంభము, అంతము ఉన్నవి, నియమము సులభము, ఓడినను నష్టము లేదు. అన్నిటికంటె ముఖ్యము, అవతల ఒకరు మన వంతు కొరకు కాచుకొని ఉందురు.

నే నెరిగిన ఒక విశ్రాంత ఉద్యోగి సంగతి చెప్పెదను. భార్య పోయిన తరువాత ఆయన ఏడెనిమిది మాసములు వసారా దిగలేదు. బంధువులు ఉపదేశించిరి, మిత్రులు భగవద్గీత తెచ్చియిచ్చిరి. ఏదియు ఫలింపలేదు. ఒకనాడు ఎదుటి మైదానములో షటిల్ ఆడు పిల్లవాడొకడు వచ్చి, "తాతగారూ, లెక్క రాసేవాళ్ళు లేరండీ, ఊరికే తగాదాలొస్తున్నాయి, మీరు రావాలి" అన్నాడు. జాలిపడి పిలిచిన పిలుపు కాదది, నిజముగా అవసరమై పిలిచినది. ఆయన కుర్చీ తెచ్చుకొని కూర్చుండెను. మరునాడు ఐదు గంటలకు పిల్లలే వచ్చి కుర్చీ మోసికొనిపోయిరి. కొన్ని వారములకు ఆయన వైద్యుని వద్దకు పోవుటకు కూడ ఒప్పుకొనెను. మందు పని చేసినదా, లెక్కపుస్తకము పని చేసినదా యని నన్నడుగవద్దు. రెండును చేసినవనియే నా నమ్మకము.

ఇక మనమున్న ఈ రాష్ట్రపు అనుభవము చూడుడు. 2022 అక్టోబరు 6న ఇచ్చట "ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్" అను పేర ప్రభుత్వము పల్లె ఆటల పోటీలు ప్రారంభించినది. మొదటి సంవత్సరము 14 ఆటలు. 2023లో తాడాట, కుస్తీ చేర్చి 16 చేసిరి. ఆ పట్టిక చదివినప్పుడు నాకు మన ఊరి వీధి కనబడినది. గిల్లీడండా యనగా మన గోటీబిళ్ళయే. తెలంగాణమువారు చిర్రగోనె అందురు. పిట్ఠూల్ మన ఏడుపెంకులాట, బాటీ మన గోలీలు, భౌఁరా మన బొంగరము, బిల్లస్ మన తొక్కుడుబిళ్ళ. మనకు క్రొత్తది గేడీ యొక్కటే: వెదురుగడలకు అడుగు మోపుటకు చెక్కలు బిగించి వానిపై నడచుట. హరేలీ పండుగనాడు ఇచ్చటి పల్లెలలో ఇంటింట గేడీలు కట్టుదురు. ఆ పండుగను వీరు శ్రావణ అమావాస్య అందురు. మన పంచాంగములో అది ఆషాఢ అమావాస్య. దినము ఒక్కటే, మాసము లెక్కించు పద్ధతి వేరు. 2023లో పోటీలు ఆ హరేలీనాడే, జూలై 17న, ఆరంభమైనవి.

ఆ పోటీలలో నన్ను ఆకర్షించిన అంశము మరొకటి. వయస్సును మూడు తరగతులుగా విభజించిరి: 18 ఏండ్లలోపువారు, 18 మొదలు 40 వరకు, 40 దాటినవారు. నలువది దాటిన స్త్రీకి కూడ తొక్కుడుబిళ్ళలో స్థానము కల్పించిరన్నమాట. మన సంఘ వార్షికోత్సవములలో నలువది దాటినవారికి మనమిచ్చు స్థానమేది? ముందువరుస కుర్చీ, ఒక పూలదండ. ఆట పిల్లలకు, బహుమతి గెలిచినవారికి, చప్పట్లు మిగిలినవారికి. ఇది చాలదని నా అభిప్రాయము.

ఆట వలన అలవాట్లు మారునా యని సంశయించువారికి అమెరికా దేశమందలి ఫ్రేమింగ్‌హాం పట్టణపు ప్రయోగము వినిపించెదను. గుండెజబ్బులపై 1948లో ఆరంభమైన ప్రసిద్ధ పరిశోధన జరిగిన ఊరే అది. అచ్చట 94 కుటుంబములకు చెందిన 200 మందికి దినమునకు ఇన్ని అడుగులని నడక లక్ష్యము ఏర్పరచి, సగము కుటుంబములను 12 వారములపాటు ఒక ఆటలో చేర్చిరి. ఏటి సోమవారము కుటుంబమునకు 70 మార్కులు ముందే ఇత్తురు. ప్రతిదినము చీటీ తీసినట్లు ఒకరి పేరు తీయుదురు. ముందటి రోజున ఆ వ్యక్తి తన నడక పూర్తిచేయనిచో ఇంటిల్లిపాదికి 10 మార్కులు పోవును. ఎవరి పేరు వచ్చునో తెలియదు గనుక అందరును నడువవలసినదే! 2017లో ఫలితములు ప్రకటించిరి. ఆటలో చేరినవారు నూటికి 53 దినములు లక్ష్యమును చేరగా, చేరనివారు 32 దినములే చేరిరి. ఆట ముగిసిన తరువాతి 12 వారములలో కూడ 44, 33గా తేడా నిలిచినది.

దీనికి ఎదురుగా, 2016లో లోకమంతటను వీధుల వెంట త్రిప్పిన పోకెమాన్ గో అను ఫోను ఆట ఉన్నది. మొదటి వారము ఆడినవారి నడక దినమునకు దాదాపు వెయ్యి అడుగులు పెరిగినది. ఆరవ వారమునకు యథాస్థితికి వచ్చినది. వింత తీరినది, నడక ఆగినది. ఇంటివారు మన అడుగుల కొరకు చూచుచుండుటకును, ఫోనులోని బొమ్మ చూచుచుండుటకును భేదము అదియే.

అట్లని ఫోను ఆటలన్నియు వ్యర్థములని నేననను. న్యూజిలాండులో ఆక్లాండు విశ్వవిద్యాలయమువారు కుంగుబాటుగల యువకుల కొరకు స్పార్క్స్ అను కంప్యూటరు ఆట తయారుచేసిరి. 187 మందిపై పరీక్షించి, అది సాధారణ చికిత్సకు తీసిపోలేదని 2012లో ప్రకటించిరి. కాని డబ్బు పందెముగా ఒడ్డు ఆటలు వేరు. ధర్మరాజు కథ తెలిసిన జాతికి వాని సంగతి విస్తరించి చెప్పనక్కరలేదు. 2025లో పార్లమెంటు అట్టి ఆన్‌లైన్ ఆటలను నిషేధించు శాసనము చేసినది. శాసనము కంటె ముందు ఇంటిలో తండ్రి కన్ను వేసియుంచుట మేలు.

ఆటచేత నడవడి దిద్దుట మనకు పరదేశీయుల వలన వచ్చిన బుద్ధి కాదు. మన వైకుంఠపాళి అందులకే పుట్టినది. పుణ్యమునకు నిచ్చెన, పాపమునకు పాము. అందులో ఎక్కుట దిగుట పందెము చేతిలో ఉన్నది గాని ఆడువాని నడవడిలో లేదని మీరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ నిజమే. అయినను నాకు నచ్చునది వేరొకటి. వైకుంఠము ముంగిట పెద్దపాము మ్రింగి అడుగునకు పడవేసినను మా నాయనమ్మ పీట మీదనుండి లేచెడిది కాదు. "ఊఁ, నీ పందెం వెయ్యి" అనెడిది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఆట వైద్యమునకు బదులు కాదు. చనిపోవలెనను మాట ఎవరి నోటనైన వినబడినచో ఆటకు కాదు, వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. రాయపూరు ఎయిమ్స్‌లో మనోవైద్య విభాగమున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడుదురు.

కార్యవర్గమునకు నా మనవి. ఈ ఏడు బహుమతుల పద్దులో కొంత తగ్గించి, ప్రతి ఆదివారము సాయంకాలము ఐదు గంటలకు క్వార్టర్ల మైదానములో ఆట పెట్టుడు. మోకాళ్ళ నొప్పులవారికి పులిజూదము, వామనగుంటలు, అష్టాచెమ్మా వేయుడు; మిగిలినవారికి ఏడుపెంకులు. జట్లు ఫ్రేమింగ్‌హాంవలె కుటుంబములవారీగా కూర్చుడు. రానివారి యింటికి ఒక పెద్ద, ఒక పిల్లవాడు పోవలెను. "ఎందుకు రాలేదు?" అని అడుగరాదు, "మీరు లేక జట్టుకు ఒకరు తక్కువైనారు" అనవలెను, ఆ మాట నిజము కావలెను. వామనగుంటల పీట మా యింట నున్నది, తెచ్చెదను. చింతగింజలు ఎవరైన శ్రీకాకుళమువైపు పోవువారు తీసికొనిరండి. గోటీబిళ్ళకు మంచి కర్ర చెక్కగల వడ్రంగి ఎవరికైన తెలిసినచో సభ ముగియగనే నాతో చెప్పగోరుచున్నాను.