బండి బ్యాటరీ – చెఱువు తూము



మన ములుగు సీమవారికి చెఱువు తూమును గూర్చి చెప్పఁబని లేదు. రేచర్ల రుద్రుఁడు 1213వ సంవత్సరమున పాలంపేటలో ప్రతిష్ఠించిన ఆలయము చెంతనే రామప్ప చెఱువు గలదు. ఎంత నీరున్నను, కట్టకు గండికొట్టి మడి తడుపువాఁ డెవఁడును లేఁడు. బండి బ్యాటరీనుండి సెల్‌ఫోనునకు విద్యుత్తు నిచ్చుటయు నట్టిదే.

వోల్టనఁగా విద్యుత్తును నెట్టు బలము. ఆంపియరనఁగా ప్రవాహపుఁ గొలఁత. ఫోను మొదలగు చిన్న పరికరములకు సాధారణముగా వలయునది 5 వోల్టులు. కారు బ్యాటరీలో ఆఱు గదులు గలవు. అది నిండియుండి ఇంజను ఆఁగియున్నపుడు 12.6 వోల్టులు, ఇంజను నడచునపుడు సుమారు 14, సెల్ఫు కొట్టునపుడు ఒక్కొక్కప్పుడు 9 కంటెను దిగువ. నడచుచుండఁగా బ్యాటరీ తీఁగ యూడెనేని క్షణకాలము పదులకొలఁది వోల్టు లెగయవచ్చును. పెద్ద లారీలలో 24 వోల్టులు.

తగ్గించు మార్గములు రెండు. మొదటిది, మిగులును వేఁడిగా మార్చి పాఱవేయుట. 12 నుండి 5 నకు దింపి ఒక ఆంపియరు తీసికొన్నచో, పరికరమునకుఁ జేరునది 5 వాట్లు, వ్యర్థమగునది 7 వాట్లు. పండ్రెండు కుంచముల వడ్లలో ఏడు కుంచములు దారిలో ఒలకఁబోసినట్లు! రెండవది, సెకనునకు వేలకొలఁది మాఱులు తెఱచుచు మూయుచు, తీఁగచుట్టలో నిలిపి సమముగా వదలుట. తూము తలుపు నెత్తుచు దించుచు, నీటిని కుంటలోఁ బట్టి, ఒకే మట్టమునఁ గాలువకు విడిచినట్లు. దీనిలో నూటికి ఎనుబది వంతులకుఁ బైగా పనికివచ్చును. నాసిరకపు సరకులో ఆ తలుపు కాలి తెఱచుకొనిపోయెనేని, పండ్రెండు వోల్టులును నేరుగా ఫోనులోఁ బడును. ల్యాప్‌టాపు కంప్యూటరులకో, పెక్కింటికి 19 వోల్టుల చేరువ వలయును. వానికి పెంచు పరికరమే తగును.

నేను బడిలో వ్యాకరణము చెప్పినవాఁడను. వాక్యమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి వలయునని శాస్త్రకారు లందురు. “అగ్నితోఁ దడుపుము” అన్నచో పదములు చెంతఁజేరినను యోగ్యత లేదు. ప్లగ్గు రంధ్రములోఁ బట్టినంతమాత్రమున సన్నిధియే కుదిరినది; యోగ్యత యెఱుఁగుటకు పరికరముమీఁది అంకెలు చదువవలయును.

బ్యాటరీనుండి నేరుగా తీఁగ లాగువారు, ఫ్యూజును బ్యాటరీ చెంతనే పెట్టవలయును. తీఁగలు తాఁకినచో బ్యాటరీ వందలకొలఁది ఆంపియర్ల నిచ్చును. సన్నని తీఁగ యెఱ్ఱనై బండి నంటించును. కాలిన ఫ్యూజునకు మాఱుగా రాగి తీఁగ చుట్టుట కొంపకు నిప్పుపెట్టుకొనుటయే.

రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున మేడారము జాతరకుఁ బోయి, బండ్లతో అడవిలో దిగుదుము గదా! ఇంజను ఆఁపి, దీపములకు, ఫోనులకు, తెరలకు 5 ఆంపియర్లు లాగినచో, ఎనిమిది గంటలలో 40 ఆంపియరు-గంటలు ఖర్చగును. చిన్న కారు బ్యాటరీ మొత్తమే సాధారణముగా 35 మొదలు 45 వఱకు. తెల్లవాఱుజామున పసిబిడ్డకు జ్వరము తగిలినచో బండి కదలదు. కావున వోల్టులు తగ్గఁగానే తానై ఆఁగు పరికరమును గొనుఁడు. లేదా పండుకొనుటకు ముందు త్రాడు ఊడఁదీయుఁడు.

పెద్దలారా! బండి నడపు మనుమని “దీపము వెలుఁగుచున్నదా?” యని యడుగుటతోఁ దృప్తిపడక, “ఎన్ని వోల్టులు? ఫ్యూజు ఎక్కడ?” అని కూడ నడుగుఁడు. ఈ రెండు ప్రశ్నలు బండిని, ప్రాణమును గాచును.