సర్వేయరు రాతే ఆఖరు మాట కాదు
(వాడ సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



మన మాదిగవాడలో చెప్పుల కొట్టు కాలినప్పుడు బీమా సర్వేయరు వచ్చిండు. కొట్టు ముందు అయిదు నిమిషాలు నిలబడ్డడు, పటేలు అరుగు మీద గంట కూర్చున్నడు. మన సరుకు ఎంతో అక్కడ అడిగి రాసుకున్నడు. మనం చేతులు కట్టుకుని చూసినం. ఆ తప్పు మళ్లీ చెయ్యొద్దు.

సర్వేయరు అంటే నష్టం లెక్కగట్టే లైసెన్సు ఉన్న మనిషి. ఆయన్ని పెట్టేది, ఫీజు ఇచ్చేది కంపెనీయే. పాలసీలో ఏముంది, సరుకుకు రుజువేది, పాత వస్తువుకు అరుగుదల ఎంత – ఇవి చూస్తడు. ఇంకో మెలిక ఉంది. 1,00,000 రూపాయల సరుకుకు 50,000కే బీమా కడితే, 20,000 నష్టానికి మామూలుగా 10,000 మాత్రమే లెక్కేస్తరు.

మరి మనమేం చెయ్యాలె? వెంటనే కంపెనీకి కాగితం రాసి రసీదు తీసుకోవాలె. మిగిలింది కాపాడాలె, ఆయన చూసేదాకా బూడిద ఎత్తొద్దు. ఫోటోలు, తోలు కొన్న చిట్టీలు, పద్దులు చూపాలె. నివేదిక నకలు అడగాలె. ‘పూర్తిగా ముట్టింది’ అన్న కాగితం మీద చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యొద్దు.

సర్వేయరు నివేదికే ఆఖరు మాట కాదని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలె. కాదంటే ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ప్రీమియం కట్టించుకునేటప్పుడు మన పైసలకు అంటు లేదు. నష్టం రాసేటప్పుడు మన మాటకెందుకు అంటు? సర్వేయరు మన వాడలోకి రావాలె, మన గడప దగ్గరే రాయాలె.

జై భీమ్!