ఏ పలక ఎంచుకోవాలి? – ఇంట్లో తయారుచేసే క్యాంపింగ్ ట్రెయిలరు చెప్పే పదార్థ విజ్ఞానం

విద్యార్థులారా! సాంద్రత, ఉష్ణ వ్యాకోచం, లోహక్షయం గురించి మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. పరీక్షల్లో ఇవి వేర్వేరు ప్రశ్నలుగా వస్తాయి. కాని ఒక వస్తువును మన చేతులతో తయారుచేయాలని కూర్చుంటే ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి. ఉదాహరణకు ఈనాడు కారు వెనుక తగిలించుకుని వెళ్లి, రాత్రి అందులో నిద్రపోయే చిన్న క్యాంపింగ్ ట్రెయిలరును తీసుకుందాం.

అమెరికాలో 1930ల నుంచి చాలామంది ఇటువంటి ట్రెయిలర్లను ఇళ్ల వద్దే తయారుచేసుకుంటున్నారు. నీటిబొట్టు ఆకారంలో ఉంటాయి కాబట్టి వీటిలో ఒక రకానికి ‘టియర్‌డ్రాప్’ అని పేరు. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానం నిర్మాణాన్ని పర్యవేక్షించిన హాలీ బౌలస్, 1934లో విమానాలకు వాడే పద్ధతిలోనే అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి ఒక ట్రెయిలరును రూపొందించాడు. మన ఆర్టీసీ బస్సు పక్కన నిలబడి చూడండి. వరుసగా కనిపించే ఆ రివెట్లు అదే పద్ధతికి చెందినవి.

సరే, మన ట్రెయిలరుకు బయట ఏ పలక వేయాలి?

మొదట బరువు చూద్దాం. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల పలక వైశాల్యం సుమారు 3 చదరపు మీటర్లు. 1 మి.మీ. మందం గల ఉక్కు రేకు అయితే ఆ పలక బరువు దాదాపు 23 కిలోలు. అంతే మందం గల అల్యూమినియం 8 కిలోలు. 6 మి.మీ. ప్లైవుడ్ సుమారు 11 కిలోలు. ట్రెయిలరుకు ఇటువంటి పలకలు అయిదారు కావాలి. ఉక్కు వేస్తే ఆ భారమంతా లాగేది కారు ఇంజనే, ఆపవలసింది బ్రేకులే.

అయితే తేలికగా ఉంటే చాలదు, వంగకుండా కూడా ఉండాలి. పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ప్లైవుడ్ స్థితిస్థాపక గుణకం అల్యూమినియంలో సుమారు పదో వంతు మాత్రమే. కాని మందం ఆరు రెట్లు. ఆరు ఘనం 216. దాన్ని పదితో భాగించండి. అంటే మన 6 మి.మీ. ప్లైవుడ్, 1 మి.మీ. అల్యూమినియం కంటే దాదాపు ఇరవై రెట్లు బిగువుగా ఉంటుంది!

మరి ప్లైవుడ్ ఒక్కటే వేస్తే సరిపోదా? ఇక్కడ నీరు అడ్డువస్తుంది. కర్రలో తేమ సుమారు 20 శాతం దాటి అలాగే నిలిచి ఉంటే శిలీంధ్రాలు పెరిగి దాన్ని కుళ్లబెడతాయి. ప్లైవుడ్ పైముఖం కంటే అంచుల నుంచి నీటిని ఎక్కువగా పీల్చుతుంది. అందుకే కోసిన ప్రతి అంచుకూ, వేసిన ప్రతి రంధ్రానికీ ఎపాక్సీయో పెయింటో పట్టించాలి. పొరలను అతికించిన జిగురు కూడా ముఖ్యమే. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తేమను కొంతవరకే తట్టుకుంటుంది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసిన మెరైన్ ప్లైవుడ్‌ను, మన ఐ.ఎస్. 710 ప్రమాణం ప్రకారం, 72 గంటలు మరుగుతున్న నీటిలో ఉంచి పరీక్షిస్తారు. కొనేటప్పుడు పలకపై ఆ ముద్ర ఉందో లేదో చూడండి.

ప్లైవుడ్ మీద అల్యూమినియం రేకు కప్పితే? మంచి ఆలోచనే. కాని అల్యూమినియం వేడికి వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున 20 డిగ్రీలున్న రేకు మధ్యాహ్నపు ఎండలో 60 డిగ్రీలకు చేరితే, 2.4 మీటర్ల పొడవులో 2 మి.మీ.కు పైగా సాగుతుంది. కింద ఉన్న ప్లైవుడ్ అంత సాగదు. రేకును మొత్తం జిగురుతో అతికిస్తే అది ఉబ్బి అలలు తేలుతుంది. అనుభవమున్నవారు రేకును అంచుల్లో పట్టీలతో మాత్రమే బిగిస్తారు. రంధ్రాలు కాస్త పెద్దవి వేసి, అది కదలడానికి చోటిస్తారు.

బిగించే స్క్రూ విషయంలోనూ జాగ్రత్త అవసరం. అల్యూమినియానికి ఇత్తడి లేదా రాగి తగిలి, మధ్యలో ఉప్పునీరు చేరితే అది ఒక విద్యుత్ ఘటమే. అందులో ఆనోడ్ అల్యూమినియం, కరిగిపోయేది అదే. విశాఖ, మచిలీపట్నం వంటి సముద్రతీరాల్లో ఇది మరింత త్వరగా జరుగుతుంది. అల్యూమినియం రివెట్లు వాడడం అన్నిటికంటే మేలు.

ఇక ఫైబర్‌గ్లాస్. ఇది తుప్పు పట్టదు, కుళ్లదు, వంపుల్లో సులభంగా ఒదుగుతుంది. కాని ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని రెజిన్‌ను దెబ్బతీస్తాయి. పైన జెల్‌కోట్ లేకపోతే కొన్నేళ్లకు పొడి రాలి, లోపలి గాజునారలు బయటపడతాయి.

గమనించారా? అన్ని పరీక్షల్లోనూ నెగ్గిన పదార్థం ఒక్కటీ లేదు. బిగువు కోసం ప్లైవుడ్, నీటిని ఆపడానికి అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాస్, అతుకుల్లో మంచి సీలెంట్ – ఈ కలయికే ఎక్కువ కాలం నిలుస్తుంది. నీరు ప్రవేశించేది ఎక్కువగా పలక మధ్యలోంచి కాదు, అతుకుల్లోంచి. లోపలి కర్ర కుళ్లినా బయటి రేకు నిగనిగలాడుతూనే ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది. కుళ్లిన కర్రలో స్క్రూ పట్టు నిలవదు. వేగంగా వెళ్తున్నప్పుడు ఊడిన పలక వెనుక వచ్చేవారి మీద పడుతుంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రెయిలరు కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేకుండా దాన్ని రోడ్డెక్కించరాదు.

చివరగా మీకు రెండు ప్రయోగాలు. ఒకే పరిమాణంలో రెండు ప్లైవుడ్ ముక్కలు తీసుకుని, ఒకదాని అంచులకు మాత్రమే పెయింటు వేసి ఆరనివ్వండి. రెండింటినీ తూచి, ఒక రోజు నీటిలో ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. రెండోది: రెండు గ్లాసుల ఉప్పునీటిలో రెండు అల్యూమినియం రేకు ముక్కలు ఉంచి, ఒకదానికి మాత్రం రాగి తీగ చుట్టండి. వారం రోజులు గమనించి, చూసినదాన్ని తేదీలతో సహా నోటు పుస్తకంలో రాయండి. పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు దుకాణదారు మాట కంటే ఆ పేజీయే మీకు ఎక్కువగా ఉపయోగపడుతుంది.